డిస్క్ నోట్‌బుక్ పేజీలు ఊడొస్తుంటే ముందు పంచ్ చూసుకో, ఆ తర్వాతే సర్దుకో

చెల్లెమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏ5 సైజు డిస్క్ నోట్‌బుక్ (అంచున వరసగా ఉన్న గుండ్రటి బిళ్లలు పేజీల్ని పట్టుకునే పుస్తకం), దాంతోపాటు చిన్న చేతి పంచ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నావు. వచ్చిన కాగితాలు అయిపోయాక ఏ4 కాగితాలు సగానికి కత్తిరించి, నువ్వే చిల్లులు కొట్టి ఎక్కించావు. పదిహేను రోజులకే ఆ పేజీలు ఊడొస్తున్నాయి. బడి పని, ఇంటి పని, రాత్రిపూట రాసుకునే డైరీ, మూడూ ఒకే పుస్తకంలో ఉండాలని నీ కోరిక. వీడియోల్లో చూస్తే ఇరవై విభాగాలు, రంగురంగుల స్టిక్కర్లు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక టెన్షన్‌గా ఉంది అన్నావు.

నేను తిరుపతిలోనే, యూనివర్సిటీకి దగ్గర్లో జిరాక్స్, బైండింగ్ షాపు నడుపుతున్నాను. ఇరవై రెండేళ్లయింది. థీసిస్‌లు, రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు ఎన్ని కుట్టామో, ఎన్నిటికి స్పైరల్ వేశామో లెక్కలేదు. నా సొంతానికి మాత్రం 2019 నుంచి డిస్క్ పుస్తకమే వాడుతున్నాను. ఇంటి లెక్కలు, షాపు ఆర్డర్లు, డైరీ అన్నీ అందులోనే. కాబట్టి నీ కష్టం నాకు బాగా తెలుసు. మొదటి మూడు నెలలు నా పేజీలూ ఇలాగే ఊడాయి.

ముందు ఈ పుస్తకం పేజీని ఎలా పట్టుకుంటుందో చూడు. స్పైరల్‌లో చిల్లు కాగితం లోపల ఉంటుంది, తీగ అందులోంచి దూరి తిరుగుతుంది. పేజీ బయటికి రావాలంటే చినగాల్సిందే. డిస్క్ పుస్తకంలో చిల్లు కాగితం అంచు దాకా తెరుచుకుని ఉంటుంది. పుట్టగొడుగు ఆకారం: అంచు దగ్గర సన్నటి కాడ, లోపల వెడల్పాటి గొడుగు. డిస్క్ చుట్టూ అంచు లావుగా, మధ్య భాగం పలచగా ఉంటుంది. ఆ లావు అంచు గొడుగులో కూర్చుంటే, కాడకి రెండు పక్కలా మిగిలిన కాగితం దాన్ని జారిపోకుండా ఆపుతుంది. ఆ రెండు ముక్కల్ని మా షాపులో చెవులు అంటాం. ఏ5 పుస్తకానికి సాధారణంగా 8 డిస్కులు, అంటే ప్రతి పేజీకీ పదహారు చెవులు. పుస్తకం మొత్తం వాటి మీదే నిలబడుతుంది. 1948లో ఆంద్రే తోమా, ఆంద్రే మార్తాఁ అనే ఇద్దరు ఈ పద్ధతి కనిపెట్టారు. బెల్జియంలో అటోమా పేరుతో అవి ఇప్పటికీ తయారవుతున్నాయి. తర్వాత అమెరికాలో ఎన్ని కంపెనీలు వచ్చినా చిల్లు ఆకారం మాత్రం దాదాపు అదే.

ఇప్పుడు ఊడొచ్చిన పేజీ ఒకటి, పుస్తకంతో పాటు వచ్చిన పేజీ ఒకటి తీసుకో. రెండిటినీ ఒకదాని మీద ఒకటి అంచులు కలిపి పెట్టి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకో. నీ చిల్లు కంపెనీ చిల్లు కంటే అంచుకి దగ్గరగా పడిందా? అయితే కాగితాన్ని పంచ్ లోపలి గోడకి ఆనేదాకా నెట్టలేదన్నమాట. అప్పుడు కాడ పొట్టిదైపోతుంది, ఒక్కోసారి కాడే ఉండదు, గొడుగు నేరుగా అంచు మీదకి వచ్చేస్తుంది. కాడ లేకపోతే చెవులు లేవు. ఇక పేజీ దేన్ని పట్టుకుని నిలబడుతుంది? ఇంకో గుర్తు ఉంది. పైన నాలుగు చిల్లులు గట్టిగా ఉండి, కింద నాలుగు దగ్గరే ఊడుతోందా? అలాగైతే కాగితం ఏటవాలుగా పెట్టి కొట్టావు. నీ వర్ణన బట్టి నాకు అదే అనుమానం. ఎందుకంటే చేతి పంచ్ ఒక్కసారికి కొన్ని చిల్లులే కొడుతుంది, కాగితాన్ని జరిపి మిగతావి కొట్టాలి. ఆ జరపడంలోనే తేడా వస్తుంది. ఒక మిల్లీమీటరు చాలు.

దీనికి నేను చేసేది చెప్తాను. ఒక్కసారికి మూడు కాగితాలకి మించి పెట్టకు. నాలుగోది పెడితే కోసినట్టే కనిపిస్తుంది గానీ అడుగు కాగితం చెవుల దగ్గర పీచు మిగులుతుంది. పంచ్‌ని ఒళ్ళో పెట్టుకుని కాకుండా బల్ల మీద పెట్టి, కాగితాల కట్టని ముందు బల్లకి రెండుసార్లు తట్టి అంచులు సమం చేసి, లోపలికి నెట్టి, ఎడమ బొటనవేలితో అలాగే అదిమి పట్టి అప్పుడు నొక్కు. జరిపినప్పుడు చివర కొట్టిన చిల్లు గైడులో కచ్చితంగా కూర్చుందో లేదో కళ్ళతో చూడు, చేతి అంచనా వద్దు. కోసిన ముక్క పూర్తిగా రాలకుండా వేలాడుతుంటే గోటితో పీకకు, అక్కడే చెవి చినుగుతుంది. చిన్న కత్తెరతో కత్తిరించు. పంచ్ మొద్దుబారితే వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ నాలుగు మడతలు పెట్టి పదిసార్లు కొట్టు, కాస్త పదును తేరుతుంది. నొక్కడం బిగుసుగా ఉంటే కొవ్వొత్తి రుద్దిన కాగితం మీద కొట్టు.

డబ్బు పెట్టదలిస్తే స్టిక్కర్లకి కాదు, 8 చిల్లులూ ఒక్క నొక్కుతో పడే బల్ల పంచ్‌కి పెట్టు. కొనే ముందు ఒక్క జాగ్రత్త. వేర్వేరు కంపెనీల చిల్లుల మధ్య దూరం చాలావరకు కలుస్తుంది గానీ, మొదటి చిల్లు పై అంచు నుంచి ఎంత దూరంలో ఉందనేది మారుతుంది. కలవకపోతే కొత్త పేజీలు పాతవాటి కంటే పైకో కిందికో పొడుచుకొస్తాయి. నీ దగ్గరున్న పేజీ ఒకటి స్కేలుతో కొలిచి ఆ కొలత రాసుకుని కొను.

రెండోది కాగితం. ఇంట్లో ప్రింటరుకి వాడే కాగితం చాలావరకు 70, 75 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువు. రాయడానికి పరవాలేదు గానీ రోజూ తీసి పెట్టే పేజీకి చెవులు మెత్తబడిపోతాయి. 100 జీఎస్ఎమ్ తీసుకో. ఏ4 రీమ్ ఒకటి కొని బైండింగ్ షాపుకి తీసుకెళ్తే కటింగ్ మెషిన్ మీద ఒక్క కోతతో 500 కాగితాలు 1000 ఏ5 ఆకులవుతాయి. కత్తెరతో, పేపర్ కట్టరుతో నువ్వు కోసినవి ఒకటి 148 మిల్లీమీటర్లు ఉంటే ఇంకోటి 150 ఉంటుంది. ఆ వంకర అంచే పంచ్‌లోకి వెళ్తుంది, చిల్లు వంకరగా పడుతుంది. అందుకే ఒక చిన్న నియమం: మెషిన్ కోసిన అంచు కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంచుని పంచ్‌లో పెట్టు. ఏ4 ని సగం చేస్తే ప్రతి ఏ5 ఆకుకీ ఒక పొడవాటి అంచు ఫ్యాక్టరీదే మిగులుతుంది.

మూడోది పేజీ తీసే తీరు. చాలామంది బయటి అంచు పట్టుకుని లాగుతారు. పదహారు చెవుల మీద ఒకేసారి బరువు పడుతుంది. అలా కాదు. పై మూలలో, డిస్కుకి దగ్గరగా పట్టుకుని, ఏటవాలుగా పైకి లేపుతూ ఒక్కో డిస్కు దగ్గరా విడిపించుకుంటూ కిందికి రా, అరటి దొప్ప ఒలిచినట్టు. పెట్టేటప్పుడు పై చిల్లు డిస్కు మీద కుదిర్చి, బొటనవేలితో ఒక్కోటీ నొక్కుకుంటూ రా. టక్ మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఎనిమిది చప్పుళ్ళు వినిపిస్తే పేజీ కూర్చున్నట్టు. చెవి చినిగితే పేజీ పారేయకు. అంచు మీద సన్నటి పారదర్శక టేపు ముక్క రెండు వైపులా వేసి మళ్ళీ కొట్టు, ముందుకంటే గట్టిగా ఉంటుంది. వారం పేజీల్లాంటి, తరచూ కదిలే వాటికి నేను ముందే టేపు వేసి కొడతాను.

ఇన్ని జాగ్రత్తలు పడేకంటే మామూలు కుట్టిన నోట్‌బుక్ కొనుక్కోవచ్చు కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ ఆలోచన పోయింది 2021 నవంబరులో. ఆ నెల తిరుపతిలో కురిసిన వానలు నీకూ గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లోకి రాత్రి నీళ్లొచ్చాయి. అడుగు అరలో నా పాత డైరీలు పద్నాలుగు ఉన్నాయి, వాటితో పాటు ఆ ఏడాది డిస్క్ పుస్తకం. పొద్దున నీళ్లు తగ్గాక తీసి చూస్తే కుట్టిన డైరీలు ఇటుకల్లా బిగుసుకుపోయాయి. ఎండబెట్టాక తెరవబోతే పేజీలు పొరలు పొరలుగా ఊడాయి. డిస్క్ పుస్తకాన్ని మాత్రం తడిగా ఉండగానే విప్పాం. తడిసిన కాగితం చెవులు చినుగుతాయని తెలుసు, అందుకే పేజీల్ని లాగకుండా డిస్కుల్నే ఒక్కోటీ పక్కకి జరిపి బయటికి తీశాం. మా అమ్మాయి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి బట్టలారేసే తాడు కట్టింది. ఒక్కో ఆకూ పాత న్యూస్‌పేపర్ మధ్య అద్ది, క్లిప్పు పెట్టి వేలాడదీశాం. ఫ్యాన్ చిన్నగా పెట్టాం. రెండు రోజులు ఆ ఆకుల కిందే వంగి నడిచాం. బాల్‌పెన్నుతో రాసిందంతా ఉంది. జెల్ పెన్నుతో రాసిన వారాలు నీలం మరకలై పోయాయి. మా నాన్న చివరిసారి హాస్పిటల్లో ఉన్న పది రోజుల పేజీలు బాల్‌పెన్నువి. అవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి, కాస్త ముడతలు పడ్డాయి అంతే.

అందుకే పేజీ ఊడటం ఈ పుస్తకం లోపం అని నేను అనుకోను. మనం అడిగినప్పుడు ఊడాలి, అడగనప్పుడు ఊడకూడదు. మిగతా సర్దుబాటంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

డిస్కుల సైజు గురించి అడిగావు. 80 జీఎస్ఎమ్ కాగితం మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. నూరు ఆకులు పేరిస్తే ఒక సెంటీమీటరు. నా వాడకంలో ముప్పావు అంగుళం డిస్కులకి 60 ఆకులు, అంగుళం డిస్కులకి 100 ఆకులు హాయిగా తిరుగుతాయి. అంతకు మించి ఎక్కితే పేజీ తిప్పేటప్పుడు ఇరుక్కుని చెవులు మడుస్తుంది. 100 జీఎస్ఎమ్ అయితే ఇంకాస్త తగ్గించుకో. బరువు కూడా చూసుకో. 80 జీఎస్ఎమ్ ఏ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాములు, ఏ5 ఆకు రెండున్నర. నూరు ఆకులంటే పావు కిలో, అట్టలు కాక. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, పిల్లల పరీక్ష పేపర్లతో బస్సు ఎక్కే మనిషివి, ముప్పావు అంగుళం చాలు నీకు.

అట్ట సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఇష్టమైన పని ఇది. నువ్వు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డతో అట్ట చేసుకోవాలని ఉంది అన్నావు. మంచి ఆలోచన. కానీ గుడ్డ అంటించిన అట్టకి నేరుగా చిల్లు కొడితే రెండు నష్టాలు. పంచ్ కోయలేక నలుగుతుంది, కోసిన చోట గుడ్డ దారాలు లేస్తాయి. అందుకే అట్టని రెండు భాగాలుగా చెయ్యాలి. కింద ప్లాస్టిక్ షీటు, స్పైరల్ బైండింగ్‌కి వెనక వేసే మందపాటి రంగు షీటు ఉంటుందే అది, ఏ బైండింగ్ షాపులో అడిగినా ఇస్తారు. దాన్ని 155 మిల్లీమీటర్ల వెడల్పు, 216 పొడవు కోయించు. పేజీ కంటే కాస్త పెద్దదిగా ఉంటేనే పేజీ మూలలు నలగకుండా కాపాడుతుంది. చిల్లులు ఈ షీటుకే, పైనా కిందా 3 మిల్లీమీటర్లు సమానంగా మిగిలేలా కొట్టు. ఒక్కటే పెట్టి కొట్టు, రెండు కలిపి కాదు.

గుడ్డ అంటించే అట్ట దాని మీదకి వస్తుంది. పాత ఎగ్జామ్ ప్యాడ్ వద్దు, బరువు. చీర కొన్నప్పుడు వచ్చే పెట్టె అట్ట సరిపోతుంది. దాన్ని 130 వెడల్పు కోస్తే చిల్లుల వైపు 25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పట్టీ ఖాళీగా ఉంటుంది. అట్ట మీద గుడ్డ అంటించి, అంచులు వెనక్కి మడిచి, ఆ మడతలు దాగేలా ప్లాస్టిక్ షీటు మీద గట్టి రెండువైపుల టేపుతో అతికించు. పుస్తకం మడిచినప్పుడు వంగేది ఆ ఖాళీ పట్టీనే, గుడ్డ కాదు. నా అట్ట నాలుగేళ్లుగా అలాగే ఉంది.

గుడ్డకి బంక ఏది? మేం బైండింగ్‌కి మైదా పిండి పలచగా కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతాం. నువ్వు ఇంట్లో చిన్నపిల్లలున్న దానివి, మైలుతుత్తం విషం, వద్దు. తెల్ల బంకలో నాలుగో వంతు నీళ్లు కలిపి, బ్రష్షుతో గుడ్డకి కాదు, అట్టకి రాయి. గుడ్డకి రాస్తే బంక పైకి ఊరి మరక పడుతుంది. గుడ్డ మధ్యలోంచి బయటికి అరచేత్తో సాఫు చేసి, పైన బటర్ పేపరు, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలెయ్. కొత్త కలంకారీ గుడ్డకి పాలవాసన ఉంటుంది. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాకే దాని మీద కలంతో గీస్తారు. ఆ వాసన కొన్నాళ్లకి పోతుంది, తడపకు. ఒక్క మాట, మే నెలలో ఈ పుస్తకాన్ని స్కూటీ డిక్కీలో మాత్రం వదలకు. ప్లాస్టిక్ షీటు వంగిందంటే మళ్ళీ సాపు కాదు.

విభాగాల మధ్య వేసే అట్టలకి కొనాల్సిన పని లేదు. ఇంట్లో పెళ్లి శుభలేఖలు కట్టలుగా ఉంటాయి కదా. మందం సరిగ్గా సరిపోతుంది. దేవుడి బొమ్మ ఉన్న భాగం పక్కన పెట్టి, మిగతాది ఏ5 కంటే 8 మిల్లీమీటర్లు వెడల్పుగా కోసుకో. ఆ పొడుచుకొచ్చిన అంచు మీదే విభాగం పేరు రాసుకోవచ్చు.

ఇక లోపల ఏం ఉండాలి. ఇరవై విభాగాలు వద్దు. నాలుగు అట్టలు వెయ్, అంతే: ఈ వారం, నెల, చుట్టాలు, డైరీ. బడికి వేరే అట్ట ఎందుకు చెప్పలేదంటే, బడి పని కూడా ఈ వారంలోనే జరుగుతుంది. రెండు చోట్ల రాస్తే ఏదో ఒకటి చూడటం మర్చిపోతావు. పాఠం నోట్సు, మార్కుల జాబితాలు బడి రికార్డుల్లోనే ఉండనీ. టైమ్‌టేబుల్ ఒకటి లామినేషన్ చేయించి అట్ట లోపల వేసుకో.

ఈ వారం అంటే రెండు పేజీలు ఎదురెదురుగా. ఎడమ పేజీలో ఏడు గడులు, కుడి పేజీ గీతల్లేకుండా. ఏడు గడుల్లో టైము ఉన్నవే రాయి: తొమ్మిదిన్నరకి పరీక్ష డ్యూటీ, సాయంత్రం డాక్టరు. టైము లేనివన్నీ కుడి పేజీలో. ఆ రెండు పేజీల మధ్య ఒక సన్నటి చీటీ పెట్టుకో, 70 మిల్లీమీటర్ల వెడల్పు, ఎనిమిది చిల్లులూ ఉండాలి. అది వెడల్పు తక్కువ కాబట్టి కింద పేజీ సగం కనిపిస్తూనే ఉంటుంది. కిరాణా జాబితా దాని మీద రాస్తే, అంగడికి వెళ్ళేటప్పుడు ఆ చీటీ ఒక్కటే ఊడదీసి పర్సులో పెట్టుకుంటావు. పాల లెక్క కూడా నేను అలాంటి చీటీ మీదే వేస్తాను, 31 గడులు, పాలు రాని రోజున సున్నా. నెలాఖరుకి పాలాయనతో లెక్క చూసేటప్పుడు పుస్తకం మొత్తం తెరవక్కర్లేదు.

నెల పేజీ మీద పండుగలు, అమావాస్య, పౌర్ణమి క్యాలెండరు చూసి ముందే వేసుకో. మన ఊళ్లో ఇంకొన్ని వేసుకోవాలి. మే నెలలో గంగమ్మ జాతర, ఆశ్వయుజంలో బ్రహ్మోత్సవాలు, కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు. పూజ కోసం మాత్రమే కాదు. బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు గరుడ సేవ. ఆ రోజు అలిపిరి వైపు డాక్టరు అపాయింట్‌మెంటు గానీ, బంధువుల్ని రైలు దగ్గర దింపుకోవడం గానీ పెట్టుకుంటే ఏమవుతుందో తిరుపతి మనిషికి చెప్పాలా? ఆ రోజు గడిని నేను పెన్సిలుతో అడ్డంగా కొట్టేస్తాను, ఇంకేమీ రాయడానికి వీల్లేకుండా.

చుట్టాల అట్ట చూసి నవ్వుకోకు. ఏడాది పొడవునా ఎవరో ఒకరు కొండకి వస్తారు, మన ఇంట్లో దిగుతారు. మూడొందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. మేనమామ ఫోన్ చేసి "వచ్చే వారం వస్తున్నాం అమ్మాయీ, దర్శనం సంగతి చూడు" అంటే అప్పుడు మన చేతిలో ఏముంటుంది? అందుకే ఒక్కో కుటుంబానికి ఒక్కో ఆకు. ఎంతమంది, వయసులు, ఎవరికి మోకాళ్ళ నొప్పి, ఎవరు నడిచి ఎక్కుతానని మొక్కుకున్నారు, ఎవరు షుగరు మనిషి, ఏ రైలు. వచ్చి వెళ్ళాక ఆ ఆకు పారేయను, వెనక్కి జరుపుతాను. మళ్ళీ మూడేళ్లకి వాళ్లొస్తే అదే ఆకు ముందుకి వస్తుంది. పెద్దత్తకి పచ్చిమిర్చి పడదని, చిన్నపిల్లాడికి బస్సు ఘాట్‌రోడ్డులో వాంతులని అందులో ఉంటుంది. కుట్టిన డైరీలో ఈ పని ఎలా చేస్తావు? ఆధార్ నంబర్లు మాత్రం అందులో రాయకు, ఎక్కడైనా పుస్తకం మర్చిపోతే కష్టం.

పేజీలు కదిలే పుస్తకంలో ఒక ప్రమాదం ఉంది, ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మామూలు పుస్తకంలో అయిపోని పనిని వచ్చే వారానికి మళ్ళీ చేత్తో రాసుకోవాలి. నాలుగోసారి "బ్యాంకు లాకరు" అని రాస్తుంటే చెయ్యే అడుగుతుంది, ఈ పని నిజంగా చేస్తావా లేదా అని. డిస్క్ పుస్తకంలో ఆ పేజీనే ఎత్తి ముందుకు పెట్టేస్తాం, సులువు. అలా ఒక జాబితా నా దగ్గర పదకొండు వారాలు ప్రయాణం చేసింది. అందులో సగం పనులకి నాకు ఉద్దేశమే లేదు. అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను: పనుల పేజీ ఒక్కసారే కదులుతుంది, రెండో వారం కదలాలంటే చేత్తో తిరగరాయాల్సిందే. మూల మీద కదిలిన వారం చిన్న చుక్క పెడతాను. చుక్క ఉన్న పేజీ మళ్ళీ కదలదు. ఇది నువ్వు మొదటి రోజు నుంచే పెట్టుకో.

డైరీ విషయంలో నీ భయం వేరే. బడికి తీసుకెళ్తే ఎవరైనా చదువుతారేమో అన్నావు. తీసుకెళ్లకు. ఇంట్లో ఇంకో జత అట్టలు, ఎనిమిది డిస్కులు పెట్టుకో, డైరీ అందులో ఉంటుంది. పుస్తకంలో డైరీ అట్ట వెనక ఖాళీ ఆకులు నాలుగే ఉండాలి. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఏదైనా రాయాలనిపిస్తే ఆ ఆకు మీద రాసి, పైన తేదీ వేసి, రాత్రి ఇంటికొచ్చాక ఊడదీసి ఇంటి పుస్తకంలో తేదీ వరసలో నొక్కెయ్. తేదీ వెయ్యడం మాత్రం మర్చిపోకు. కదిలే ఆకుకి తేదీ లేకపోతే అది ఎప్పటిదో ఆరు నెలల తర్వాత నీకే తెలీదు. నేను పై కుడి మూలలో 14.11 అని, కింద ఏడాది రాస్తాను. రోజుకో పేజీ నిండాలన్న పట్టింపు పెట్టుకోకు. మూడు వాక్యాలు రాసిన రోజున సగం ఆకు చాలు. ఏ5 ని అడ్డంగా సగం చేసి నాలుగు చిల్లులతో ఎక్కించు. ఖాళీ కాగితం మనల్ని నిందిస్తున్నట్టు ఉండదు.

పెన్ను సంగతి నవంబరు వాన గురించి చెప్పినప్పుడే అయిపోయింది: దాచుకోవాల్సింది బాల్‌పెన్నుతో రాయి. ఫౌంటెన్ పెన్ను నీకు ఇష్టమైతే 100 జీఎస్ఎమ్ మీద చాలావరకు వెనక్కి దిగదు, కానీ తడి తగిలితే నిలవదు. స్టిక్కర్లు, అంటించే రంగు టేపులు ఇష్టమైతే వేసుకో, ఒక్కటి గుర్తుంచుకో. అంటించిన ప్రతిదీ మందం పెంచుతుంది. చిల్లుల వైపు 15 మిల్లీమీటర్ల లోపల ఏదీ అంటించకు, పేజీ తిరగదు. ప్రింట్ తీసుకునేటప్పుడు కూడా అదే 15 వదులు. రెండు వైపులా ప్రింటయితే వెనక పేజీకి ఆ ఖాళీ కుడి వైపుకి రావాలి, వర్డ్‌లో మిర్రర్ మార్జిన్ అని పెడితే అదే చూసుకుంటుంది.

ఏడాది చివర నిండిన ఆకుల్ని డిస్కుల్లోనే ఉంచనక్కర్లేదు. నెలకో కట్ట చేసి, ముందూ వెనకా ఒక్కో మందపాటి అట్ట పెట్టి, పై చిల్లులో, కింది చిల్లులో దారం వేసి వదులుగా కట్టి బాక్సు ఫైలులో నిలబెట్టు. దారం బిగించి లాగితే చెవులు పోతాయి. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెమ్మ ఎక్కువ, కాబట్టి ఆ బాక్సు అడుగు అరలో కాదు, పై అరలో. నేను అందులో ఎండిన వేపాకు వేస్తాను.

ఈ శనివారం ఇదంతా చెయ్యాల్సిన పని లేదు. ముందు ఊడొచ్చిన పేజీ, కంపెనీ పేజీ లైటుకి ఎదురుగా పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టు. పై చిల్లు, కింది చిల్లు రెండూ స్పష్టంగా కనిపించాలి. తేడా పంచ్‌దా, కాగితందా అన్నది చూసి చెప్తాను. కాగితానిదే అయితే డబ్బు దండగ చేసుకోకుండా ఆ ఆకుల్నే టేపు వేసి ఎలా మళ్ళీ కొట్టుకోవాలో రాస్తాను.